సొంతంగా కట్టుకున్న చిన్న విమానంలో ఆల్టర్నేటర్ ఇబ్బందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

విమానం సొంతంగా కట్టుకున్నవాళ్లను ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసేది) విషయంలో వేధించే సందేహాలు తిరిగి తిరిగి అవే వస్తుంటాయి. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు. వేరుగా చెప్పని చోట అంకెలన్నీ 12 వోల్టుల బ్యాటరీ ఉన్న విమానానివి. ముందే ఒక మాట చెప్పాలి: ఛార్జింగ్ ఆగిందనగానే కొత్త ఆల్టర్నేటర్ ఆర్డరు పెట్టేవాళ్లే ఎక్కువ. లోపం మాత్రం చాలాసార్లు ఒక లగ్గులోనో (వైరు కొనకు బిగించే లోహపు ఉంగరం), స్విచ్చులోనో, ఎర్త్ వైరులోనో ఉంటుంది. అందుకే జవాబులన్నీ స్పానర్ కంటే ముందు మీటరు పట్టుకోమనే చెబుతాయి.

## పని మొదలుపెట్టే ముందు

ఏయే పనిముట్లు కావాలి? ఖరీదైనవి కొనాలా?

అక్కర్లేదు. మామూలు డిజిటల్ మల్టీమీటరు, మొసలి క్లిప్పులున్న పొడవాటి టెస్ట్ వైర్లు, వీలైతే డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఉంటే తొంభై పాళ్లు పని అయిపోతుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది మీ వైరింగ్ బొమ్మ. కాగితం మీద గీసినదానికీ, తర్వాత మార్పులు చేస్తూ పోయిన అసలు వైరింగుకీ పొంతన లేని విమానాలు కోకొల్లలు. ముందు ఆ బొమ్మను చేతిలో పట్టుకుని ఒక్కో వైరూ ఎక్కడికి వెళ్తోందో సరిచూసుకోండి. ఆ పనిలోనే దోషం బయటపడ్డ సందర్భాలు తక్కువేమీ కాదు.

ప్రొపెల్లర్ పక్కనే చేతులు పెట్టాలి కదా, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

మాగ్నెటో (బ్యాటరీ సాయం లేకుండా ఇంజన్‌కు నిప్పురవ్వ పుట్టించేది) స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ప్రొపెల్లర్ ప్రమాదకరమే. మాగ్నెటోను ఎర్త్ చేసే వైరు తెగి ఉంటే స్విచ్‌తో సంబంధం లేకుండా ఇంజన్ అందుకోవచ్చు. ఏదైనా విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ లగ్గు తీసేయండి. ఆల్టర్నేటర్ వెనక, దాని కరెంటు బయటికి వచ్చే బీ టెర్మినల్‌కు కొన్ని వైరింగుల్లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. స్పానర్ ఒక కొన దానికీ, మరో కొన ఇంజన్‌కూ తగిలితే నిప్పులు రాలతాయి.

ఇంజన్ నడుస్తుండగా కొలవాల్సి వస్తే, ఆపి ఉన్నప్పుడే క్లిప్పులు తగిలించి, వైర్లను కదలకుండా కట్టి, కాక్‌పిట్‌లోకి లాక్కోండి. కౌలింగ్ (ఇంజన్ మూత) మూసి, చక్రాలకు అడ్డం పెట్టి, మీటరును లోపల కూర్చుని చదవాలి. నడుస్తున్న ఇంజన్ దగ్గరికి ప్రోబ్ పట్టుకుని వెళ్లే పరీక్ష ఏదీ లేదు.

నా విమానంలో ఉన్నది ఏ రకం ఆల్టర్నేటరో ఎలా తెలుస్తుంది?

చిన్న విమానాల్లో కనిపించేవి మూడు రకాలు. మొదటిదాంట్లో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ విడిగా ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య గోడ) మీదో ప్యానెల్ వెనకో ఉంటుంది. అక్కడి నుంచి, లోపల తిరిగే రోటర్ చుట్టకు (ఫీల్డ్ అనేది దీన్నే) కరెంటు ఇచ్చే ఒక సన్నని ఫీల్డ్ వైరు ఆల్టర్నేటర్ ఎఫ్ టెర్మినల్‌కు వస్తుంది. రెండోదాంట్లో రెగ్యులేటర్ ఆల్టర్నేటర్ పొట్టలోనే ఉంటుంది. కార్ల నుంచి వచ్చినవి చాలావరకు ఇవే. మూడోది శాశ్వత అయస్కాంతాలతో నడిచేది. రోటాక్స్ 912 ఇంజన్‌లో ఫ్లైవీల్ దగ్గర ఉండేది ఈ రకమే, సుమారు 250 వాట్లు ఇస్తుంది. దీనికి ఫీల్డ్ వైరూ ఉండదు, తిరిగే చుట్టకు కరెంటు అందించే బ్రష్షులూ ఉండవు. కాబట్టి ఫీల్డ్‌కు సంబంధించిన పరీక్షలేవీ దీనికి పనికిరావు.

వోల్టేజీ ఎంత ఉంటే బాగున్నట్టు?

లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉండి ఊరికే ఉన్నప్పుడు 12.6 నుంచి 12.8 వోల్టులు. ఇంజన్ నడుస్తూ ఛార్జింగ్ అవుతున్నప్పుడు 13.8 నుంచి 14.4 వరకు. 15 దాటితే అది బ్యాటరీని ఉడికించే వోల్టేజీ, ఆల్టర్నేటర్ ఆపేయాల్సిందే. 24 వోల్టుల విమానమైతే ఈ అంకెలను రెట్టింపు చేసుకోండి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టుకున్నవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. అది ఊరికే ఉన్నప్పుడే 13.2, 13.3 వోల్టులు చూపిస్తుంది. మీటరులో 13.2 చూసి ఛార్జింగ్ అవుతోందని నిశ్చింతగా ఉంటే, నిజానికి బ్యాటరీ ఖాళీ అవుతూ ఉండొచ్చు.

## ఇంజన్ ఆపి చేసే పరీక్షలు

ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఆల్టర్నేటర్ సంగతి తెలుసుకోవచ్చా?

రెగ్యులేటర్ బయట ఉన్న రకమైతే సగం సంగతి తెలుస్తుంది. బ్యాటరీ మాస్టర్ (బ్యాటరీని కలిపే ప్రధాన స్విచ్) వేసి, మిగతావన్నీ ఆపి, ఆమ్మీటరు చూస్తూ ఆల్టర్నేటర్ స్విచ్ వేయండి. వోల్టేజీ తక్కువగా ఉంది కాబట్టి రెగ్యులేటర్ ఫీల్డ్‌కు పూర్తి కరెంటు వదులుతుంది. బ్యాటరీ ఆమ్మీటరు 2 నుంచి 4 ఆంపియర్లు డిశ్చార్జ్ వైపు కదలాలి. కదిలితే స్విచ్, బ్రేకర్, రెగ్యులేటర్, బ్రష్షులు, రోటర్ చుట్ట అన్నీ ఒక గొలుసుగా కలిసి ఉన్నట్టే. మీ ఆమ్మీటరు ఆల్టర్నేటర్ అవుట్‌పుట్‌ను మాత్రమే చూపించే రకమైతే ఇది కనబడదు. అప్పుడు ఫీల్డ్ వైరుకు క్లాంప్ మీటరు తగిలించి చూడాలి.

మీటరు చేతిలో లేకపోతే స్క్రూడ్రైవర్ చాలు. మాగ్నెటోలు ఆపి, బ్యాటరీ మాస్టర్, ఆల్టర్నేటర్ స్విచ్ రెండూ వేసి ఉంచి, ఇనుప స్క్రూడ్రైవర్ మొనను పుల్లీ నట్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఫీల్డ్‌లో కరెంటు ఉంటే మొన టక్కున అతుక్కుంటుంది. స్విచ్ ఆపగానే పట్టు సడలుతుంది. పని కాగానే స్విచ్ ఆపండి, లేదంటే బ్యాటరీ దిగిపోతుంది.

ఫీల్డ్‌కు కరెంటు రావట్లేదు. ఎక్కడ తెగిందో ఎలా పట్టుకోవాలి?

మీటరు నల్ల వైరును బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి అక్కడే ఉంచండి. ఎర్ర వైరుతో కరెంటు నడిచే దారి వెంట పోండి: బస్ (పరికరాలన్నిటికీ కరెంటు పంచే పట్టీ), ఫీల్డ్ బ్రేకర్ ఇవతల, అవతల, స్విచ్ రెండు వైపులా, ఓవర్ వోల్టేజ్ మాడ్యూల్ (వోల్టేజీ హద్దు దాటితే ఫీల్డ్‌ను ఆపేది), రెగ్యులేటర్ ఇన్‌పుట్, అవుట్‌పుట్, చివరికి ఎఫ్ టెర్మినల్. వోల్టేజీ ఎక్కడ మాయమైతే తప్పు అక్కడే. రెగ్యులేటర్‌లోకి వెళ్తూ బయటికి రాకపోతే, ముందు దాని ఎర్త్ చూడండి. రెగ్యులేటర్ డబ్బా కిందే ఎర్త్ అయ్యే రకాలుంటాయి. ఆ డబ్బా కింద పెయింటు ఉంటే పని చేయదు.

చదునుగా ఉండే స్పేడ్ కనెక్టర్లను (ఒకదానిలో ఒకటి తొడిగే వైరు కొనలు) అనుమానించండి. పైకి బిగుతుగానే కనిపిస్తాయి. లాగి చూస్తే ఆడ భాగం చెవులు వదులై, తొడుగు అంచు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. ఆ రంగు వచ్చిందంటే అక్కడ చాలాకాలంగా వేడి పుడుతోందన్నమాట. శుభ్రం చేసి మళ్లీ తొడగడం వృథా, కొత్తది క్రింప్ చేయండి (వైరు మీద నొక్కి బిగించండి).

ఎఫ్ టెర్మినల్ దాకా 12 వోల్టులు వస్తున్నాయి, అయినా ఛార్జింగ్ లేదు. ఇప్పుడేంటి?

ఇప్పుడు చూపు ఆల్టర్నేటర్ వైపు తిప్పొచ్చు. ఎఫ్ వైరు విప్పి, ఆ టెర్మినల్‌కూ ఆల్టర్నేటర్ బాడీకీ మధ్య ఓములు కొలవండి. టెస్ట్ వైర్ల సొంత నిరోధం తీసేస్తే 12 వోల్టుల వాటిలో సాధారణంగా 3 నుంచి 6 ఓములు ఉంటుంది. అనంతం చూపిస్తే బ్రష్ అరిగిపోయి స్లిప్ రింగును అందుకోవట్లేదు, లేదా చుట్ట తెగింది. దాదాపు సున్నా అయితే ఫీల్డ్ షార్ట్. ఈ స్థితిలో కొత్త రెగ్యులేటర్ పెడితే అది కూడా పోతుంది. కొన్నిటిలో ఫీల్డ్ రెండు కొసలూ బయటికి వస్తాయి, బాడీకి తగలవు. అలాంటివాటిని ఆ రెండింటి మధ్యే కొలవాలి.

బెల్టు తీసేసి పుల్లీని చేత్తో మెల్లగా తిప్పుతూ కూడా చూడండి. అంకె కొద్దిగా అటూ ఇటూ ఆడితే ఫరవాలేదు. ఉండుండి అనంతానికి దూకితే బ్రష్షులకు ఆయువు తీరినట్టే.

రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతోంది. ఆల్టర్నేటరే తాగేస్తోందా?

మాస్టర్ ఆపగానే బీ-లీడ్ (బీ టెర్మినల్ నుంచి వచ్చే లావు వైరు) కూడా బ్యాటరీ నుంచి విడిపోయేలా వైరింగ్ ఉంటే ఆల్టర్నేటర్ తాగే వీలే లేదు. నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే మాత్రం ఆల్టర్నేటర్‌లోని డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) లీక్ కావచ్చు. అన్నీ ఆపి, బ్యాటరీ నెగటివ్ లగ్గు విప్పి, మధ్యలో మీటరును మిల్లీ ఆంపియర్లలో పెట్టండి. గడియారం, మెమరీ లాంటివి కొన్ని మిల్లీ ఆంపియర్లే లాగుతాయి. పదుల్లో, వందల్లో ఉంటే నేరుగా బ్యాటరీకి కలిసిన వైర్లను ఒక్కొక్కటే తీస్తూ చూడండి. యూఎస్‌బీ ఛార్జింగ్ సాకెట్లు ఈ విషయంలో పాత నేరస్థులు.

## ఇంజన్ నడుస్తుండగా

ఇంజన్ స్టార్టయింది, వోల్టు మీటరు 12.4 దగ్గరే ఆగిపోయింది. ఆల్టర్నేటర్ పోయినట్టేనా?

అప్పుడే అనలేం. ఇంజన్ వేగం నిమిషానికి 1500 చుట్లు దాటించి చూడండి, ఫీల్డ్ బ్రేకర్, ఆల్టర్నేటర్ స్విచ్ సరిచూసుకోండి. ఇంజన్ ఆపి బెల్టు ఉందో లేదో, పుల్లీ గాడి అద్దంలా మెరిసిపోతోందో చూడండి. మెరుపు ఉంటే బెల్టు జారుతోంది.

తర్వాత రెండే కొలతలు చాలు. బీ టెర్మినల్‌కూ, ఎఫ్ టెర్మినల్‌కూ క్లిప్పులు పెట్టి వైర్లు కాక్‌పిట్‌లోకి తెచ్చి, ఇంజన్ నడుపుతూ చదవండి. ఎఫ్ దగ్గర వోల్టేజీ లేకపోతే తప్పు వైరింగుది లేదా రెగ్యులేటర్‌ది. ఎఫ్ దగ్గర ఉంది, బీ దగ్గర 12.4 మాత్రమే ఉందంటే ఆల్టర్నేటర్‌దే తప్పు. బీ దగ్గర వోల్టేజీ బ్యాటరీ కంటే బాగా ఎక్కువుంటే, మధ్యలో ఫ్యూజ్ పోయింది లేదా బీ-లీడ్ తెగింది. ఈ మూడోదానిలో వెంటనే ఆల్టర్నేటర్ స్విచ్ ఆపండి. బస్ వోల్టేజీ తక్కువగా కనబడుతుండటంతో రెగ్యులేటర్ ఫీల్డ్‌ను పూర్తిగా తెరిచి ఉంచుతుంది. లోడు లేని బీ టెర్మినల్ దగ్గర వోల్టేజీ పదుల్లోకి ఎగబాకుతుంది.

టాక్సీ చేస్తున్నప్పుడు (నేల మీద చక్రాలపై నడుపుతున్నప్పుడు) వోల్టేజీ పడిపోతుంది, ఎగిరితే సర్దుకుంటుంది. పట్టించుకోవాలా?

చాలావరకు అక్కర్లేదు. తక్కువ వేగంలో ఏ ఆల్టర్నేటరైనా కొద్ది కరెంటే ఇస్తుంది. లైట్లు, పిటో హీటర్ (గాలి వేగం కొలిచే గొట్టాన్ని వేడి చేసేది) అన్నీ వేసి ఐడిల్‌లో నిలబడితే బ్యాటరీ సాయం తీసుకోక తప్పదు. ఒకప్పుడు అదే లోడుతో అదే వేగంలో నిలబడిన వోల్టేజీ ఇప్పుడు నిలబడకపోతేనే బెల్టు, బ్రష్షులు చూడండి.

ఆమ్మీటరు ముల్లు నిలకడగా ఉండట్లేదు, గుండె కొట్టుకున్నట్టు ఊగుతోంది. రెగ్యులేటర్ మార్చాలా?

మార్చినా ఊపు తగ్గకపోవచ్చు. చాలా విమానాల్లో రెగ్యులేటర్ బస్ వోల్టేజీని చూసేదీ, ఫీల్డ్‌కు కరెంటు పంపేదీ ఒకే వైరు మీద. ఆ దారిలో పాత స్విచ్, అరిగిన బ్రేకర్, తుప్పు పట్టిన కనెక్టర్ నిరోధం పెంచాయనుకోండి. ఫీల్డ్ కరెంటు పెరిగినప్పుడల్లా రెగ్యులేటర్‌కు కనిపించే వోల్టేజీ తగ్గుతుంది, అది ఇంకా ఎక్కువ కరెంటు వదులుతుంది. బస్ వోల్టేజీ మించగానే కోసేస్తుంది. మళ్లీ మొదలు. ముల్లు ఊగేది అందుకే. దీనితోపాటు సగటు వోల్టేజీ కూడా ఉండాల్సినదానికంటే కాస్త పెరుగుతుంది.

కొలత సులువు. మాస్టర్, ఆల్టర్నేటర్ స్విచ్ వేసి, ఇంజన్ ఆపి, మీటరు ఒక కొన బస్‌కు, రెండో కొన రెగ్యులేటర్ ఇన్‌పుట్‌కు పెట్టండి. 0.2 వోల్టులు మించితే దారి బాగాలేదు. అక్కడి నుంచి ఒక్కో జాయింటు మీదా విడిగా కొలిస్తే దొంగ దొరుకుతాడు. జంట రాకర్ మాస్టర్ స్విచ్‌నే (బ్యాటరీ, ఆల్టర్నేటర్ మీటలు పక్కపక్కనే ఉండేది) ముందు చూడమంటాను. స్ట్రోబ్ లైట్ల వెలుగుతో సమంగా ముల్లు కదిలితే మాత్రం అది జబ్బు కాదు.

ఛార్జింగ్ అవుతోంది గానీ 13.2 దాటట్లేదు. ఎందుకని?

లోడు వేసి రెండు చోట్ల కొలవండి. బీ టెర్మినల్ నుంచి బ్యాటరీ పాజిటివ్‌కు 0.3 వోల్టుల కంటే ఎక్కువ పడిపోకూడదు. ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు 0.2 మించకూడదు. రెండోది ఎవరూ కొలవరు, తప్పు తరచుగా అక్కడే ఉంటుంది. ఇంజన్ రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి, దాన్ని ఎయిర్‌ఫ్రేమ్‌కు కలిపే మందపాటి ఎర్త్ పట్టీయే దిక్కు. ఫైబర్ విమానమైతే ఎర్త్ కేబులు నేరుగా బ్యాటరీ దాకా రావాలి. ఆ పట్టీ చెడితే స్టార్టర్ కరెంటు థ్రాటిల్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. స్టార్ట్ చేశాక కేబుల్ తొడుగు వెచ్చగా తగిలితే అర్థం అదే.

రెండు కొలతలూ బాగుంటే ఒక డయోడ్ పోయి ఉండొచ్చు, లేదా మీ లోడే ఆల్టర్నేటర్ శక్తికి మించి ఉండొచ్చు. అన్ని పరికరాల ఆంపియర్లు కూడి చూడండి.

హెడ్‌సెట్‌లో ఇంజన్ వేగంతో పాటు పెరిగే కూత వినిపిస్తోంది. ఫిల్టర్ పెడితే పోతుందా?

ముందు ఆల్టర్నేటర్ స్విచ్ కాసేపు ఆపండి. కూత ఆగితే మూలం అదే. ఇప్పుడు మీటరును ఏసీ వోల్టులకు మార్చి బ్యాటరీ మీద పెట్టండి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు సున్నా చూపించాలి. కొన్ని చౌక మీటర్లు డీసీని కూడా ఏసీలా చూపిస్తాయి, వాటిని నమ్మకండి. ఇంజన్ నడుస్తుండగా పదో వంతు వోల్టు ప్రాంతంలో ఉంటే ఫరవాలేదు. అర వోల్టు ఉంటే డయోడ్ దెబ్బతిన్నట్టే.

డయోడ్లు బాగున్నా కూత ఉంటే హెడ్‌సెట్ జాకులు చూడండి. లోహపు ప్యానెల్‌కు తగిలి అక్కడొకచోట, రేడియో దగ్గర మరోచోట ఎర్త్ అవుతుంటే కూత వస్తుంది. జాకులకు ఇన్సులేషన్ వాషర్లు వేసి, ఆడియో ఎర్త్ ఒకేచోట కలపండి. ఫిల్టర్ సంగతి ఆ తర్వాత.

బీ-లీడ్ బ్రేకర్ ఉండుండి ట్రిప్ అవుతోంది. షార్ట్ ఎక్కడా కనబడట్లేదు.

60 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు 60 బ్రేకరే పెట్టారా? అదే కారణం కావచ్చు. స్టార్టర్ చాలాసేపు తిరిగాక బ్యాటరీ ఆకలి మీద ఉంటుంది. ఆల్టర్నేటర్ తనకు చేతనైనంతా ఇస్తుంది, వేడెక్కిన ప్యానెల్‌లో బ్రేకర్ అలసిపోతుంది. లిథియం బ్యాటరీ అయితే ఇంకా ఎక్కువ లాగుతుంది. ఆల్టర్నేటర్ రేటింగ్ కంటే పెద్ద ఫ్యూజ్‌ను, ఏఎన్ఎల్ లాంటి నెమ్మది రకాన్ని ఫైర్‌వాల్ ముందు వైపే పెట్టడం మేలు. అప్పుడు ఆ లావు వైరు కాక్‌పిట్‌లోకి రానక్కర్లేదు. వైరు మందం కూడా ఆ ఫ్యూజ్‌కు తగ్గట్టుండాలి.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మాస్టర్ ఆపి, ఆల్టర్నేటర్ ఒక్కటే నడుపుతుందేమో చూడొచ్చా?

వద్దు. కుదుపులన్నీ మింగేది బ్యాటరీ. అది పోగానే వోల్టేజీ ఒక్కసారి ఎగిసి డయోడ్లనూ, లోపలి రెగ్యులేటర్‌నూ, రేడియోలనూ తీసుకుపోవచ్చు. ఆపేటప్పుడు ఎప్పుడూ ముందు ఆల్టర్నేటర్, తర్వాత బ్యాటరీ.

## గాల్లో ఉండగా

లో వోల్టేజ్ దీపం వెలిగింది. మొదట ఏం చేయాలి?

మొదట విమానం నడపండి. మీరు రాసుకున్న అత్యవసర చెక్‌లిస్టు ఉంటే అదే పాటించండి. లేకపోతే: ఫీల్డ్ బ్రేకర్ చూసి, ఆల్టర్నేటర్ స్విచ్ ఒక్కసారి ఆపి వేయండి. తిరిగి రాకపోతే ఆపేసి, అవసరం లేని లోడు తీసేయండి. పిటో హీటర్, ల్యాండింగ్ లైటు, రెండో రేడియో, రెండో స్క్రీన్ ముందు పోవాలి. మాగ్నెటోలు రెండూ ఉన్న ఇంజన్‌కు కరెంటు అక్కర్లేదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, విద్యుత్ ఇంధన పంపు, ఇంజెక్షన్ ఉన్న ఇంజన్ మాత్రం బ్యాటరీతోపాటే ఆగిపోతుంది. అలాంటి విమానంలో దగ్గరి రన్‌వే వైపు తిరగడానికి ఆలోచన అనవసరం.

బ్యాటరీ మీద ఎంతసేపు ఎగరొచ్చు?

17 ఆంపియర్ గంటల బ్యాటరీ, 8 ఆంపియర్ల లోడు అంటే లెక్కలో రెండు గంటలు. ఆ రెండు గంటలు రావు. అట్ట మీది అంకె కొత్త బ్యాటరీని, సాధారణంగా 20 గంటలపాటు మెల్లగా దించినప్పటిది. లోడు పెరిగేకొద్దీ, వయసు మీద పడేకొద్దీ, చలి పెరిగేకొద్దీ తగ్గుతుంది. సగమే వస్తుందనుకోండి. నేల మీద అదే లోడు పెట్టి గడియారం చూస్తూ దించితే మీ బ్యాటరీ అసలు బలం తెలుస్తుంది. మళ్లీ పూర్తిగా ఛార్జ్ చేశాకే ఎగరండి.

ఓవర్ వోల్టేజ్ రక్షణ పనిచేసి ఫీల్డ్ బ్రేకర్ బయటికొచ్చింది. మళ్లీ నొక్కనా?

ఒక్కసారి, అదీ వోల్టు మీటరు చూస్తూ. ఈ రక్షణ సాధారణంగా 16 వోల్టుల ప్రాంతంలో పనిచేస్తుంది. మళ్లీ ట్రిప్ అయితే దిగేదాకా వదిలేయండి. నిజంగా రెగ్యులేటర్ పూర్తిగా తెరుచుకుపోయి ఉండొచ్చు. నేల మీద మాత్రం ఇతర కారణాలూ వెతకండి: వదులైన సెన్స్ వైరు (రెగ్యులేటర్‌కు వోల్టేజీ చూపించేది), కాంటాక్టర్ (పెద్ద కరెంటును కలిపే విద్యుత్ స్విచ్) కాయిల్ మీద డయోడ్ లేకపోవడం. రేడియోలో మాట్లాడినప్పుడల్లా ట్రిప్ అవుతోందేమో కూడా చూడండి.

కాలిన వాసన వస్తోంది.

మాస్టర్, ఆల్టర్నేటర్ రెండూ ఆపండి, హీటర్ మూసేయండి, దిగండి. కారణం నేల మీద వెతుక్కోవచ్చు. ఇంజన్ కరెంటుతోనే నడిచేదైతే దాని బస్‌ను వదిలి మిగతావి ఆపాలి. ఆ స్విచ్‌లు ఏవో ఎగరకముందే తెలిసుండాలి.

## విప్పాక, తిరిగి బిగించేటప్పుడు

షాపులో బెంచ్ మీద బాగా ఇస్తోందన్నారు, విమానంలో ఇవ్వట్లేదు. ఎవరిని నమ్మాలి?

ఇద్దరినీ. బెంచ్ మీద ఆల్టర్నేటర్ చల్లగా, కదలిక లేకుండా, మంచి ఎర్త్‌తో ఉంటుంది. పూర్తి లోడుతో, వేడెక్కేదాకా పరీక్షించారా అని అడగండి. వేడెక్కాక చేతులెత్తేసే డయోడ్లు ఉంటాయి. వేడిలోనూ బాగుంటే తప్పు మీ వైరింగులోనే ఉంది.

ఆల్టర్నేటర్లు పెట్టినవి పెట్టినట్టే పోతున్నాయి. రకమే మంచిది కాదా?

రకం కంటే ముందు అది బతుకుతున్న చోటు చూడండి. ఎగ్జాస్ట్ పైపు పక్కనుంటే వేడి డయోడ్లను చంపుతుంది. వెనక భాగానికి గాలి వదిలే గొట్టం, ఎగ్జాస్ట్ వైపు రేకు అడ్డం పెట్టండి. బ్రాకెట్ సన్నగా ఉంటే కంపనం బేరింగులనూ, బ్రష్షులనూ తింటుంది. బోల్టు రంధ్రాల చుట్టూ నల్లటి పొడి కనిపిస్తే అక్కడ లోహం రుద్దుకుంటోంది. వెంట్రుకంత పగుళ్ల కోసం భూతద్దం పట్టుకుని వెతకండి. బీ-లీడ్ బరువు టెర్మినల్ బోల్టు మీద వేలాడకూడదు. లగ్గుకు కొద్ది దూరంలోనే వైరును ఆల్టర్నేటర్‌కే, అంటే దానితోపాటే ఊగే భాగానికి, క్లాంప్ చేయాలి.

కారు ఆల్టర్నేటర్ వాడేవాళ్లు పుల్లీ సైజు లెక్కేసుకోండి. మరీ చిన్న పుల్లీ అయితే ఎగిరే వేగంలో రోటర్ అనవసరంగా ఎక్కువ తిరుగుతుంది.

బెల్టు విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఏమైనా ఉందా?

లైకమింగ్ లాంటి ఇంజన్‌లో ముందువైపు బెల్టు మార్చాలంటే ప్రొపెల్లర్ దించాలి. కాబట్టి ప్రొపెల్లర్ ఏ కారణంతో దించినా బెల్టు పాతదైతే అప్పుడే మార్చేయండి. కొత్త బెల్టు మొదటి కొన్ని గంటల్లో సాగుతుంది, మళ్లీ బిగించాలి. బిగింపు ఇంజన్ మాన్యువల్ చెప్పినంతే. అతిగా బిగిస్తే ముందు బేరింగు పోతుంది.

నాది కాంటినెంటల్ ఇంజన్, ఆల్టర్నేటర్‌కు బెల్టు లేదు, గేరుతో నడుస్తుంది. ఆగిపోతే ఏం చూడాలి?

ఆల్టర్నేటర్ గేరుకూ షాఫ్టుకూ మధ్య జారే కప్లింగ్ ఉంటుంది. దాన్ని మాన్యువల్ చెప్పిన టార్క్‌తో పరీక్షించండి. విరిగిన ముక్కలు ఇంజన్‌లోకి పోయే అవకాశముంది, కాబట్టి ఆయిల్ ఫిల్టర్ కోసి చూడకుండా ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేయకండి.

రోటాక్స్ 912లో ఛార్జింగ్ ఆగింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

రెగ్యులేటర్ దగ్గర. ఇంజన్ నడుస్తుండగా దాని సీ టెర్మినల్‌కు బ్యాటరీ వోల్టేజీ అందుతోందా చూడండి. అందకపోతే ఛార్జింగ్ మొదలే కాదు. అందుతుంటే, ఆపి, జనరేటర్ నుంచి వచ్చే రెండు పసుపు వైర్లను విప్పి వాటి మధ్య నిరోధం, తర్వాత ఒక్కోదానికీ ఇంజన్‌కూ మధ్య నిరోధం కొలవండి. ఇంజన్‌కు తగలకూడదు. రెండూ బాగుంటే రెగ్యులేటరే పోయింది. దానికి వేడి పడదు. కొత్తది ఇంజన్‌కు దూరంగా, గాలి తగిలేచోట, గట్టి ఎర్త్‌తో బిగించండి. స్పేడ్ కనెక్టర్లూ కొత్తవే వేయండి.

రిపేరు అయిపోయింది. నేరుగా ప్రయాణానికి బయల్దేరొచ్చా?

నేల మీద పూర్తి లోడు వేసి, బ్యాటరీ నిండేదాకా ఇంజన్ నడిపి, వోల్టేజీ, ఆంపియర్లు రాసుకోండి. ఆపి కౌలింగ్ తీసి, బీ-లీడ్ లగ్గును వెంటనే ముట్టుకోకుండా వేలు దగ్గరగా పెట్టి చూడండి. పక్కనున్న లోహం కంటే అది బాగా వేడిగా ఉంటే ఆ క్రింప్ మళ్లీ చేయాలి. తర్వాత పగటిపూట, రన్‌వేకు దగ్గర్లోనే ఒక అరగంట తిరిగిరండి. లాగ్‌బుక్‌లో ఏం మార్చారో, ఎంత వోల్టేజీ చూశారో రెండూ రాయండి.